పొడి తువ్వాలు

"ఎవత్తె కోసం ఈ కాపలా?" అంది భార్య, కాలనీ ఈతకొలను గట్టు మీంచి.

ఈత కొట్టొస్తానని రోజూ వెళ్లే మొగుడు తువ్వాలు పొడిగానే తెస్తుంటే, అనుమానంతో ఆ పూట వెనకే వచ్చింది. తీరా చూస్తే కొలనులో చుక్క నీరు లేదు. వేసవికని కడిగి ఆరబెట్టారు. అడుగున అతనొక్కడే, సుద్దముక్కతో గోడమీద గీత గీస్తున్నాడు.

"అరవకే! నీళ్లు నింపాక నా గడ్డం దాకా ఎక్కడొస్తాయో చూసుకుంటున్నా. ఈత నేర్పమని పాప ప్రాణం తీస్తోంది."

"మీరు గజఈతగాళ్లు కదా!"

"పెళ్లికి ముందు నీ దగ్గర కోతలు కోశాను."

"పాప ఆ గీత దాటితే?"

అతను సుద్దముక్క కింద పెట్టేశాడు.

ఆవిడ చెప్పులు విడిచి నిచ్చెన దిగింది.

"నాకూ ఈతొచ్చని ఆ రోజే చెప్పబోయాను. మీరు సందిస్తేనా? ఊఁ, ఆ తువ్వాలు పరిచి బోర్లా పడుకోండి."