కొత్త లేబుల్

"తమ్మీ, గా బ్యాటరీ తీస్కోకు."

లక్ష్మీరాజం వెనక్కి తిరిగాడు.

పరాయి రాష్ట్రంలో, ఉన్ రోడ్డు మీది కారు బ్యాటరీల దుకాణం. సేఠ్ లోపల ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. గుమ్మం పక్కన అరవై ఏళ్ల బక్కపలచని మనిషి నిలబడి ఉన్నాడు.

"నాకేనా చెప్పేది?"

"నీకే. ఇందాక నువ్వు ఇంటికి ఫోన్ చేసినప్పుడు నీ మాట విన్న. మనోళ్లేనని చెప్తున్న."

'మనోళ్లు' అన్న మాటకే లక్ష్మీరాజం మనసు బిగుసుకుంది. నిరుడు ఇప్పుడున్న పాత కారును తనకు అంటగట్టిందీ ఒక 'మనోడే'.

అయినా ఆ కారు లేకపోతే గడవదు. తల్లి ఎల్లవ్వకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటో కుదుపులకు ఆమె తట్టుకోలేదు. మగ్గాల కార్ఖానాలో సెలవు అడిగి వచ్చాడు. రేపు పొద్దున ఏడింటికి ఆస్పత్రిలో ఉండాలి. కారేమో బ్యాటరీ పోయి కదలడం లేదు.

"ఏమైంది దీనికి?" అన్నాడు, చేతిలోని బ్యాటరీని దించకుండానే.

"లేబుల్ మీద ఏమున్నది?"

"కెపాసిటీ ముప్పై అయిదు ఏహెచ్. నా పాత దాని మీద గూడ గంతే ఉన్నది."

"మంచిది. నంబరు చివర్ల ఎల్ ఉన్నదా? పాతదానికి ఏమున్నది?"

"రెండింటికీ ఎల్లే."

"అదీ మంచిదే. ఎల్‌కు బదులు ఆర్ తెస్తే ప్లస్సు, మైనస్సు అటిటైతయి, వైర్లు అందవు. మరి తారీఖు?"

"పోయిన నెలది. గీడ రాసే ఉన్నది."

"గా లేబుల్ ఉత్త కాగితం తమ్మీ. కాగితం మీద ఏదన్న రాయొచ్చు." ఆయన గొంతు తగ్గించాడు. "తయారైన తారీఖు ప్లాస్టిక్ మీదనే గుద్ది ఉంటది. అక్షరం నెల, అంకె సాలు. గా లేబుల్ కిందనే ఉంటది. జర లేపి చూడు."

చెబుతూ చెబుతూ రెండుసార్లు దుకాణం లోపలికి చూశాడు.

లక్ష్మీరాజానికి ఆ చూపు నచ్చలేదు. లేబుల్ చిరిగితే గ్యారంటీ ఉండదు. ఎవరైనా అలాంటి సలహా ఇస్తారా?

"మరి యాడ తీస్కోవాలె?" ఆయన్ని పరీక్షించడానికి అడిగాడు.

"కడోదరా ఊర్ల, హైవే మీద ఒక దుకాణమున్నది. గాడ గుద్దిన తారీఖు కనవడేటట్టే పెడ్తరు."

దొరికాడు అనుకున్నాడు లక్ష్మీరాజం.

"నీకెంత ఇస్తరు కాకా, గా దుకాణమోళ్లు?"

అంతలో లోపల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

సేఠ్ బయటికి వచ్చాడు. "పసంద్ అయిందా భాయ్?"

"అయింది సేఠ్. కానీ నీ గిరాకీని చెడగొట్టే మనిషి నీ గుమ్మంలోనే ఉన్నాడు. నీ సరుకు పాతదట, లేబుల్ లేపి చూడాలట." లక్ష్మీరాజం హిందీలో చెప్పి, వేలు పెట్టి చూపించాడు.

సేఠ్ ఆ మనిషి వైపు చూశాడు. ఆ మనిషి తల వంచుకుని దుకాణం వెనక్కి వెళ్లిపోయాడు.

ఆ బ్యాటరీనే కొనుక్కుని, ఈసారి మోసపోలేదన్న తృప్తితో లక్ష్మీరాజం ఇంటికి చేరాడు.

పద్దెనిమిది రోజులు కారు బాగానే నడిచింది.

పంతొమ్మిదో రోజు ఆస్పత్రికి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఆగింది. మళ్లీ స్టార్ట్ కాలేదు. వెనక నుంచి ఒకటే హారన్లు.

"రాజం, ఊపిరాడ్తలేదు బిడ్డా," అంది ఎల్లవ్వ.

తల్లిని చేతుల మీద ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. దారి పొడవునా ఆమె అతని చొక్కా పట్టుకునే ఉంది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమీ చెప్పలేకపోయేవాళ్లం అన్నాడు డాక్టరు. సాయంత్రానికి తేరుకుంది.

మర్నాడు లక్ష్మీరాజం తడిగుడ్డతో నానబెట్టి లేబుల్ లేపాడు. కింద ప్లాస్టిక్ మీద ఒక అక్షరం, ఒక అంకె. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. రెండేళ్ల కిందటిది.

బ్యాటరీ మోసుకుని దుకాణానికి వెళ్లాడు.

సేఠ్ దాన్ని తిప్పి చూశాడు. "లేబుల్ నువ్వే పీకేశావు. గ్యారంటీ లేదు భాయ్."

లక్ష్మీరాజం కొట్లాడలేదు. అతని కళ్లు ఆ ముసలాయన కోసం వెతుకుతున్నాయి. పక్కనే టీ కొట్టు నడిపే సంగీతది జగిత్యాల. టీ తీసుకుంటూ ఆమెను అడిగాడు.

"చెల్లె, గీడ ఒక పెద్దాయన నిలవడుతుండె, బక్కగ..."

"బ్రహ్మచారి కాకనా? వస్తలేడన్నా. ఇరవై రోజులాయె."

"కడోదరా దుకాణంల చేరిండా?"

"గీ వయసుల ఆయనకెవ్వలిస్తరు పని? పదేండ్లు గీ సేఠ్ దగ్గర్నే చేసిండు. ఎవడో గిరాకీ ఆయన మీద చెప్పిండట, గా దినమే తీసేసిండు."

లక్ష్మీరాజం టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏం పని చేస్తుండె?"

సంగీత దుకాణం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పాత బ్యాటరీలకు కొత్త లేబుళ్లు అతికిచ్చేది ఆయన్నే గదన్నా."