బడి సగటు

“పాపని ఇవాళ ఇంట్లోనే ఉంచమన్నాం కదమ్మా!”

ప్రధానోపాధ్యాయురాలు కుర్చీలోంచి లేవలేదు. ఎదురుగా నిలబడ్డ తల్లి కూతురి చెయ్యి వదల్లేదు.

“ఎందుకుంచాలి? జ్వరమా, జలుబా?”

“అది కాదు. ఇవాళ అన్ని ప్రభుత్వ బళ్లలోనూ సర్వే పరీక్ష. పైనుంచి మనుషులొచ్చి మూడో తరగతి పిల్లలతో చదివిస్తారు. మీ పాప ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటోంది. అందరిలో నిలబెడితే చిన్నబుచ్చుకుంటుంది. దాని మంచికే చెప్పాం.”

దాని మంచికే. ఈ మాట వస్తుందని తల్లికి ముందే తెలుసు. తెలిసినా ఒళ్లు భగ్గుమంది.

నిన్న సాయంత్రం కూతురు ఇంటికి రాగానే సంచీ మూలన పడేసింది. “రేపు నాకు సెలవు. మిగతావాళ్లకి లేదు, నాకే!” అని గంతులేసింది. అన్నానికి కూర్చున్నాక మెల్లగా అడిగింది, “అమ్మా, నేను మొద్దునా?” ఆ ప్రశ్న తల్లి గొంతులో ముల్లులా దిగి, ఇంకా అక్కడే ఉంది.

“నా కూతురు చిన్నబుచ్చుకుంటుందని కాదు మీ బాధ. బడి సగటు పడిపోతుందని! నా దగ్గరా ఈ కబుర్లు?”

ప్రధానోపాధ్యాయురాలి మొహం మాడిపోయింది. “గొంతు తగ్గించండి. బయట పిల్లలు వింటున్నారు.”

“విననివ్వండి. ఈ పరీక్ష దేనికో మీకు తెలీదా? ఏ బడిలో పిల్లలకి చదవడం రావట్లేదో చూసి, ఆ బడికి ఇంకో టీచర్ని ఇవ్వడానికి. మీరేమో రానివాళ్లని ఇళ్లలో దాచేసి, వచ్చినవాళ్లని ముందు కూర్చోబెడతారు. జ్వరమొచ్చిన పిల్లని గదిలో పెట్టి తాళం వేసి, మిగతావాళ్ల నోట్లో థర్మామీటర్ పెట్టినట్టుంది మీ వ్యవహారం!”

“చెప్పడం తేలికమ్మా. సగటు తగ్గితే టీచర్ని ఇస్తారో లేదో గానీ, నాకు మెమో మాత్రం ఇస్తారు. మీటింగులో మా బడి పేరు తెర మీద ఎర్రగా వేస్తారు. పక్కనున్నవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఇక్కడ కూర్చుంటే తెలుస్తుంది మీకు.”

 ఆ భయం తల్లికి అర్థమైంది. అర్థమైనందుకే ఇంకా కోపం వచ్చింది. ఎదుటి మనిషి మీద జాలి పుట్టబోయే చోటే కోపాన్ని ఎగదోసుకోవాలి, లేకపోతే చల్లారిపోతుంది.

“మీ పరువు కోసం నా బిడ్డ లేకుండా పోవాలా? లెక్కలో లేని పిల్లకి టీచర్ని ఎవరు పంపుతారు? వచ్చే ఏడూ ఇంతేనా? ఐదో తరగతి దాకా ఇలా సెలవులిచ్చి సాగనంపేస్తారా?”

అటెండరు గుమ్మంలోంచి తొంగిచూశాడు. “మేడమ్, పరీక్షవాళ్ల జీపు వచ్చింది.”

ప్రధానోపాధ్యాయురాలు కంగారుగా లేచింది. గొంతు మెత్తబడింది. “ఈ ఒక్కసారికీ వదిలెయ్యండమ్మా. రేపట్నుంచి పాపని నేనే పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తా.”

“రేపు చదివిద్దురు గాని. ఇవాళ తరగతిలోకి పంపుతారా, జీపు దిగినవాళ్లనే అడగమంటారా?”

ప్రధానోపాధ్యాయురాలు గుమ్మంలోంచి జీపు వైపు చూసింది.

“వెళ్లి కూర్చోమనండి,” అంది ప్రధానోపాధ్యాయురాలు చివరికి. “మహాతల్లీ, మీకో దండం!”

కూతురు తల్లి చెయ్యి విడిపించుకుని తరగతిలోకి పరుగెత్తింది. తల్లి కిటికీ దగ్గర నిలబడి చూసింది. పిల్ల ముందు బల్లకే వెళ్లి కూర్చుంది. మెడ కాస్త ఎత్తుగా ఉంది. తనను చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

 తల్లికి లోపల ఎక్కడో తేలికగా ఉంది. ఇంత సూటిగా ఆమె జన్మలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్క మాటకీ తడుముకోలేదు. అవన్నీ లోపల ఎవరో ఎప్పట్నుంచో పేర్చి పెట్టి, తలుపు వేసి ఉంచినట్టు, వాటంతటవే వచ్చాయి.

ఉద్యోగానికి ఆలస్యమైపోతోంది. కొంగు బిగించి బస్సు కోసం పరుగెత్తింది. నిలబడే ప్రయాణం చేసింది. దారంతా పెదవులు బిగుసుకునే ఉన్నాయి. లోపల ఆ పోట్లాట ఇంకా నడుస్తూనే ఉంది.

బస్సు దిగి, తను ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న ప్రభుత్వ బడి గేటు దాటుతూనే, మూడో తరగతి గుమ్మంలో బిక్కమొహంతో నిలబడ్డ పిల్లని చూసి ఆమె పళ్లు బిగించి గద్దించింది: “నిన్న నీకేం చెప్పాను? ఇవాళ రావద్దన్నానా, లేదా?”