కళ్ళెం

"ఇదుగోండి డాక్టరుగారూ, మా కొబ్బరికోరాం" అంటూ మనవరాలిని ముందుకు తోశాడు లెక్కల మాస్టారు.

ఎనిమిదేళ్ళ పిల్ల చేత్తో నోరు మూసుకుంది.

పళ్ళ డాక్టరు చేతిలోని అద్దం ఆగిపోయింది. చిన్నప్పుడు క్లాసులో ఈయనే, ఇదే గొంతుతో, తనకు పెట్టిన పేరది. బడి వదిలేదాకా ఊరంతా అలాగే పిలిచింది. అమ్మ వెళ్ళి అడిగితే, "తమాషాకన్నానమ్మా, దానికే ఏడవాలా?" అన్నాడు. ఇప్పుడాయన ఆమెను పోల్చుకోలేదు. పళ్ళు సరిచేయించుకున్న మొహాన్ని ఎవరు పోల్చుకుంటారు?

పిల్ల పై ముందుపళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి, మధ్యలో సందు. ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది డాక్టరు. దొరక్క దొరక్క దొరికాడనుకుంది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా మాస్టారూ? దవడ ఎదిగే వయసులోనే పట్టాలి" అని ఒక పరికరం చూపించింది. పళ్ళకు తగిలించిన తీగ పెదాల మధ్యనుంచి బయటికొచ్చి, చెంపల మీదుగా మెడ వెనక పట్టీలోకి పోతుంది.

పిల్ల తాత చొక్కా పట్టుకుని వెనక నక్కింది.

"చూశారా, ఎలా బెదిరిపోతోందో. మా దగ్గరో పద్ధతుంది. ముందు ఇంట్లో పెద్దవాళ్ళు ఓ నెల పెట్టుకోవాలి. బళ్ళో కూడా తీయకూడదు. మిమ్మల్ని చూస్తే దానికి ధైర్యమొస్తుంది."

అదెంత పని అన్నాడాయన. కొలతలు తీసి తగిలించింది.

నెల తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక బెంచీలనుంచి గుర్రం సకిలింపులట. తోటి మాస్టర్లు సైతం కళ్ళెం మాస్టారనే పిలుస్తున్నారట. టీ తాగితే గడ్డం మీదికి కారుతోందట.

"ఇంత వయసొచ్చీ ఏడుపొస్తోంది డాక్టరుగారూ."

"తమాషాకంటారు మాస్టారూ. దానికే ఏడవాలా?"

ఆయన తలెత్తాడు. ఆమె మొహంలో ఏదో వెతికాడు. చూపు ఆమె పళ్ళ దగ్గర ఆగిపోయింది. పక్కన మనవరాలు తాత అవతారం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, పగలబడి నవ్వుతోంది.

"మరి... దీనికెప్పుడు పెడతావమ్మా?" అన్నాడు.

డాక్టరు ఆయన మెడ వెనక పట్టీని తీరిగ్గా విప్పింది.

"దీనికెందుకు మాస్టారూ, కోరపళ్ళు దిగితే ఆ సందు దానంతటదే మూసుకుపోతుందని మొదటిరోజు ఎక్స్‌రేలోనే చూశానుగా."