అన్నయ్య చేతులు ఆనించే చోటు

"ముడతలు పడితే మనుషులు నెమ్మదిస్తారు గానీ చెల్లాయ్, మంట మాత్రం పరుగందుకుంటుంది," అనేవాడు అన్నయ్య.

ఆల్కహాలు ఇంధనాలు ఎంత వేగంగా మండుతాయో కొలవడమే మా ఇద్దరి ఉద్యోగం. ఆవిరి నింపిన ఉక్కు గోళంలో నిప్పురవ్వ పుట్టించి, గాజు కిటికీలోంచి కెమెరాతో చూస్తాం. మంట నున్నటి బంతిలా ఉబ్బుతుంది. దాని మీద ముడతల్లా పగుళ్లు లేచాక వేగం పెరుగుతుంది. ఒకసారి పగుళ్లు వచ్చిన చోటే మరోసారి రావు.

ఆవిరి చల్లారకుండా గోళాన్ని ఎప్పుడూ వెచ్చగా ఉంచుతాం. జబ్బు ముదిరాక అన్నయ్య చేతులు మంచుగడ్డల్లా ఉండేవి. రవ్వ వెయ్యబోయే ముందు రెండు అరచేతులూ గోళానికి ఆనించి, "కాస్త కాచుకోనీవే," అనేవాడు.

అన్నయ్య పోయాక ఈ రాత్రే మొదటిసారి ఒక్కదాన్నే పనిలో కూర్చున్నాను. రవ్వ వేస్తే పగుళ్లు ఎడమవైపే లేచాయి. మంట అటే పరుగెత్తింది. మళ్లీ వేసినా అంతే. హీటరు పాడైందేమోనని గోళమంతా తడిమి చూశాను. అంతా వెచ్చగానే ఉంది, ఎడమవైపు రెండు అరచేతుల మేర తప్ప. అక్కడ ఉక్కు జిల్లుమంది. చల్లటి వైపు మంట మందగించాలి గానీ పరుగెత్తకూడదు.

గదిలో నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

"చలేస్తోందా అన్నయ్యా?" అన్నాను.

హీటరు చివరిదాకా తిప్పి, రవ్వ మీట ముట్టకుండా కూర్చున్నాను. కాచుకోనీ అనుకున్నాను. కాసేపటికి మిగతా ఉక్కంతా చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది.

ఆ చోటు మాత్రం వెచ్చబడనే లేదు.