మిగిలిన నాచు

"సముద్రం తనంతట తానే కోలుకుంటుంటే, మధ్యలో మీకీ శ్రమెందుకమ్మా?" అన్నాడు కమిటీ పెద్దాయన, చాలా మర్యాదగా.

నాచు పరిశోధకురాలు గోడ వైపు చూసింది. అక్కడ కనిపిస్తున్న ఫోటోలు ఆమె తీసినవే. తీరంలో పక్కపక్కనే రెండు వంపులు. ఒకప్పుడు రెండింట్లోనూ నాచు చచ్చిపోయి బోడిరాళ్ళు తేలాయి. ఎడమ వంపులో ఆమె కొత్త నాచు నాటింది. కుడి వంపుని, పోల్చి చూడ్డానికని, ముట్టుకోకుండా వదిలేసింది. ఇన్నేళ్ళు పోయాక చూస్తే రెండూ ఒకేలా పచ్చగా ఉన్నాయి.

అంటే నాటినా ఒకటే, నాటకపోయినా ఒకటే. చేపపిల్లలు తలదాచుకోవడానికి తీరం పొడుగునా నాచు పెంచుదామన్న ఆమె పథకాన్ని టీలు చల్లారేలోపు కొట్టేశారు. ఏం చేస్తుంది? చూపించిన కాగితం మీద సంతకం పెట్టి బయటికొచ్చింది.

రేవులో మావగారు పడవలో కూర్చుని ఉన్నారు.

"ఏమన్నారమ్మాయ్?"

"మూసేస్తారట మావయ్యా."

ఆయన ఇంజను తాడు లాగారు.

పడవ నడిపే మనిషికి జీతమివ్వలేమని పైవాళ్ళు చేతులెత్తేసినప్పుడు, "నేనున్నాగా" అని ముందుకొచ్చిన మనిషి ఆయన. జీవితమంతా పడవ ఇంజన్లు బాగుచేసి అప్పుడే విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆ విశ్రాంతి కాస్తా కోడలి నాచు పాలైంది. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. నాచు ముక్కల్ని నూలు దారంతో రాళ్ళకి కట్టి ఎడమ వంపులో నీళ్ళడుగున దింపేవాళ్ళు. దారం కుళ్ళిపోయేలోపు నాచు రాయిని పట్టేసుకుంటుంది. ఇటు కూడా కడదామా అని మొదట్లో ఆయన కుడి వంపు చూపించి అడిగారు. "అటు వద్దులెండి మావయ్యా" అనేసిందామె. ఒళ్ళంతా ఉప్పు, నడుం విరిగిపోతోంది. అప్పుడు ప్రయోగాల పాఠం చెప్పే ఓపికెక్కడిది?

మధ్యాహ్నానికి ఆమె సీసాలు పట్టుకుని ల్యాబుకి పరిగెత్తేది. పడవ కడగడం, మిగిలినవి సర్దడం ఆయన వంతు. పొద్దుగూకాక నిలువెల్లా తడిసి ఇల్లు చేరేవారు. ఈ వయసులో ఈ ఈతలేమిటని అత్తగారు సణుగుతూనే ఉండేది. ఆవిడకి దానికి తోడు ఇంకో బాధ, కుట్టుమిషను దగ్గర దారపుండలు ఉన్నట్టుండి మాయమయ్యేవి. ఆ పాపం పిల్లి ఖాతాలో పడింది. దాన్ని గదిలోకి రానివ్వడం మానేసింది కూడా.

ఇప్పుడు ఆయన దగ్గుతూ పడవ నడుపుతుంటే ఆమెకి ఏడుపొచ్చింది. పథకం పోయినందుకు కాదు. తనకి జీతమైనా దక్కింది, ఈయనకేం దక్కింది? అరిగిపోయిన మోకాళ్ళు, తగ్గని దగ్గు. చేసిన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరైంది. ఆమెకి ఇంటికెళ్ళి పడుకుంటే చాలనిపించింది. ఎన్నాళ్ళకీ లేవకుండా.

వంపుల దగ్గరికి రాగానే ఆయన ఇంజను ఆపేశారు. పడవ మెల్లగా కుడి వంపులోకి కొట్టుకొచ్చింది. కింద నాచు ఊగుతోంది. దాని మధ్య చేపపిల్లలు గుంపులుగా తిరుగుతున్నాయి. ఆమె అటు చూడలేక ముఖం తిప్పుకుంది.

"నన్ను క్షమించండి మావయ్యా. మిమ్మల్ని అనవసరంగా హింసపెట్టాను. మనం నాటినా నాటకపోయినా ఒకటేనట."

ఆయన నీళ్ళలో చెయ్యి పెట్టి నాచు కొసల్ని ఆప్యాయంగా నిమిరారు.

"వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు... నువ్వు ఓపిక చాలక వదిలేసిన ఈ వంపే చూడు, మిగిలిన ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక, రోజూ నువ్వెళ్ళాక నేనొక్కణ్ణే నాటుకుంటూ వచ్చాను!"