కూకో తల్లీ

"ముందు నువ్వు కూకో తల్లీ. తరవాత బిల్లు కొట్టు."

సంతోషి తలెత్తి చూసింది. కౌంటర్ అవతల అరవై ఏళ్ల ఆవిడ. నేత చీర, కుడి చెంప మీద పుట్టుమచ్చ, చేతిలో కందిపప్పు పొట్లం.

"కూర్చోడానికి ఇక్కడేటీ ఉండదమ్మా," అంది పప్పు స్కాన్ చేస్తూ.

"ఎన్నింటికొచ్చావు?"

"తొమ్మిదికి."

"ఎప్పుడెల్తావు?"

"రాత్రి ఎనిమిదికి. బిల్లు తీసుకోండమ్మా, ఎనకాల జనం ఉన్నారు."

ఆవిడ బిల్లు తీసుకోలేదు. పప్పు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లింది. కాసేపటికి ఒక నీలం ప్లాస్టిక్ స్టూలు చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇది కూడా కొట్టు."

సంతోషి బిల్లు కొట్టింది. ఆవిడ డబ్బు కట్టి, స్టూలు తెచ్చి కౌంటర్ లోపల సంతోషి కాళ్ల దగ్గర దింపింది.

"ఇప్పుడు కూకో."

కాశీబుగ్గ మెయిన్ రోడ్డు మీద ఆ సూపర్ మార్కెట్ పెట్టి నాలుగేళ్లయింది. సంతోషి చేరి ఆరు నెలలు. మూడు కౌంటర్లు, ముగ్గురు అమ్మాయిలు. ఏ అమ్మాయీ ఇప్పటిదాకా కూర్చోలేదు. కూర్చుని బిల్లు కొడితే కస్టమర్‌కి మర్యాద ఇచ్చినట్టు కాదని మేనేజర్ తారకేశ్వరరావు పెట్టిన రూలు.

ఆయన పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? మీ స్టూలు మీరు తీసుకెళ్లండి."

"నాను మందస ఎల్లాల. బస్సులో దీనికి సోటెక్కడిది? మల్లీ వచ్చినప్పుడు పట్టుకెల్తాను. అందాకా ఈ పిల్ల కూకుంటాది."

"స్టాఫ్ కూర్చుంటే కస్టమర్లకి మర్యాద కాదమ్మా."

"నాను కస్టమర్ని కానా? నాకు మర్యాదగానే ఉంది." వెనక్కి తిరిగింది. "ఏం బాబూ, ఈ పిల్ల కూకుంటే నీకేటైనా తక్కువైపోద్దా?"

లైన్లో ఉన్నతను నవ్వి తల అడ్డంగా ఊపాడు.

సంతోషికి నవ్వు రాలేదు.

"అమ్మా, మీరు ఎల్లిపోతారు. మాట పడేది నేను. నా ఉద్యోగం తీయించకండి," అంది గొంతు తగ్గించి.

ఆ మాటకి ఆవిడ ముఖం వాడిపోయింది. పప్పు తీసుకుని వెళ్లింది.

ఆవిడ గుమ్మం దాటకముందే స్టూలు గోడౌన్‌కి పోయింది.

మరుసటి మంగళవారం మళ్లీ వచ్చింది.

"నా స్టూలేదీ?"

"లోపలుంది. తెప్పిస్తాను, పట్టుకెళ్లండి," అన్నాడు తారకేశ్వరరావు.

"అక్కర్లేదు. అక్కడే ఉండనీ."

ఇంకో స్టూలు కొని మళ్లీ అక్కడే దింపింది. అదీ గోడౌన్‌కే పోయింది.

ఆ పై మంగళవారం మూడోది.

"నీకు పిచ్చిగాని పట్టిందా మామ్మా?"

"పట్టింది. ఎన్ని దాత్తావో దాయి. నీ కొట్లో స్టూళ్లు అయిపోయేదాకా కొంటాను."

జనం నవ్వారు. ఒకతను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

తారకేశ్వరరావు ముఖం ఎర్రబడింది. "ఈవిడెవరో నీకు తెలుసా సంతోషీ? నువ్వే రప్పించావా?"

"తెలీదు సార్. ఎవరో... మతి సరిగా లేని మనిషిలా ఉంది."

ఆ మాట ఆవిడకి వినిపించింది. కోప్పడలేదు.

"నా మతి సంగతి తరవాత. నీ కాళ్లు ఓసారి సూసుకున్నావా?"

సంతోషి చూసుకుంది. పాదాలు పొంగి, చెప్పుల పట్టీలు కండలోకి దిగిపోయి ఉన్నాయి.

"సెక్యూరిటీ! ఈవిణ్ణి బయటికి పంపు. ఇంకెప్పుడూ లోపలికి రానివ్వకు," అని అరిచాడు తారకేశ్వరరావు.

"ఆ పిల్ల కూకున్నాక నాకై నానే పోతాను."

సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చాడు గానీ ఆవిడ మీద చెయ్యి వెయ్యలేకపోయాడు.

అప్పుడు సంతోషి స్టూలు లాక్కుని కూర్చుంది.

"లే," అన్నాడు తారకేశ్వరరావు.

"లేవను సార్."

"రేపటినుంచి పనికి రానక్కర్లేదు."

"వత్తాను సార్. వచ్చి కూర్చునే బిల్లు కొడతాను. తీసేత్తే, కూర్చున్నందుకే తీసేసామని కాగితం మీద రాసివ్వండి."

పక్క కౌంటర్లలోని ఇద్దరమ్మాయిలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోడౌన్‌లోకి వెళ్లి మిగతా రెండు స్టూళ్లూ తెచ్చుకున్నారు.

లైన్లో ఒక్కరూ కదల్లేదు. వీడియో తీస్తున్నతను ఫోన్ దించలేదు. తారకేశ్వరరావు ఆ ఫోన్ వైపు చూసి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత ఎవరినీ పనిలోంచి తియ్యలేదు, స్టూళ్లనీ తియ్యలేదు.

సంతోషి చుట్టూ చూసేసరికి ఆవిడ లేదు. తను కనీసం పేరైనా అడగలేదు.

తర్వాతి మంగళవారం ఆవిడ రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు. మందస నుంచి ఎవరొచ్చినా సంతోషి ఆనవాళ్లు చెప్పి అడుగుతూనే ఉంది. ఆవిడ కనిపిస్తే మతి లేదన్నందుకు క్షమించమని అడగాలి.

మూడు నెలలకి ఒకామె వచ్చి, సరుకులేమీ తీసుకోకుండా కౌంటర్ల వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఏం కావాలండీ?" అంది సంతోషి.

"ఏటీ వద్దు. నా పేరు బిందు. నీకన్నా ముందు ఈ కౌంటర్లో నేనే ఉండేదాన్ని. ఇప్పుడు కూకుని పనిసేత్తన్నారంటే సూద్దామని వచ్చాను. ఈ స్టూళ్లు ఎవరిప్పించారు?"

సంతోషి మొదటినుంచీ చెప్పింది.

బిందు దగ్గరికొచ్చి కౌంటర్ మీదికి వంగింది.

"ఆవిడకి కుడి సెంప మీద పుట్టుమచ్చ ఉందా?"

"ఉంది! మీకు తెలుసా? ఎక్కడుంటారు?"

"రత్నాలమ్మ. మా అత్త. పోయిన నెల్లో కాలం చేసింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ సెప్పలేదు."

సంతోషి లేవబోయింది. బిందు భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఇక్కడ పనిసేసినప్పుడు నాకు ఎనిమిదో నెల. కాళ్లు పొంగిపోయాయి, నిలబడలేను, మానేత్తానన్నాను. మానలేదు. బిడ్డ దక్కలేదు."

సంతోషి కూర్చున్న స్టూలు వైపు చూస్తూ అంది.

"ఈ ఒక్క నెలా ఓర్సుకోమని, పొద్దున్నే బస్సెక్కించి ఇక్కడికి పంపింది మా అత్తే."