గజ్జెలు కట్టిన ఆటో

బండి చప్పుడు చేస్తే నేరమనే చట్టం వచ్చాక వరంగల్ వీధులన్నీ మూగబోయాయి. హారన్లు కూడా ఊడబీకించారు. ఆ ఏడాదే, ఆటో నడిపే కొమురయ్య భార్య ఎల్లవ్వ రోడ్డు దాటుతూ, పక్కనుంచి వచ్చిన కారు వినబడక దాని కింద పడి చనిపోయింది.

దినాలు ముగిశాక కొమురయ్య తన ఆటో చక్రాలకు గజ్జెలు కట్టాడు. కొన్నాళ్లకే ఇన్‌స్పెక్టర్ సుభాషిణి అతన్ని ఆపింది.

"బండికి ఇట్ల మార్పులు చేయొద్దని తెల్వదా?"

"తెలుసు మేడం. బండి వస్తున్నదని నా ఇంటామెకు తెల్వనే లేదు. ఇంకెవరికీ అట్ల కావొద్దని కట్టిన."

సుభాషిణి చక్రం దగ్గర కూర్చుంది. గజ్జెలు తనే విప్పి అతని చేతిలో పెట్టింది. "బండి మోగితే సీజ్ చేయాల్సిందే, కొమురయ్యా."

"మరి మనిషి అరిస్తే?"

"దానికి చట్టం లేదు," అందామె.

మర్నాడు కొమురయ్య ప్రతి మలుపులో ఆటో నెమ్మది చేసి, "బండొస్తున్నది, పైలం!" అని కేకేశాడు. జనం వింతగా చూశారు. ఎల్లవ్వ పడిపోయిన చోట, రోడ్డు మీదికి అడుగేయబోతున్న ఒక ముసలావిడ ఆ కేక విని ఆగిపోయింది. కొమురయ్య ఆటో ఆపి, ఆమె దాటేదాకా చూస్తూ ఉన్నాడు.

తర్వాతి మలుపు వచ్చినా అతను కేకేయలేదు, అద్దంలో వెనకున్న ఆ చోటునే చూస్తున్నాడు. వెనక కూర్చున్న ప్రయాణికురాలు తల బయటపెట్టి, "పైలం!" అని అరిచింది.